గర్భసంచి గురించి రాస్తున్న చెల్లికి

చెల్లీ,

నీ వ్యాసం చదివాను. భాష హాయిగా ఉంది, రాయాలన్న తపనా కనిపిస్తోంది. కానీ అవయవాల పేర్లన్నీ వరసపెట్టి చెప్పావే గానీ ఏది దేని పక్కన ఉందో చెప్పలేదు, అదే నా ఫిర్యాదు. ముందు మూత్రాశయం, వెనక మలాశయం, మధ్యలో గర్భసంచి. ఈ సంగతి చదివే అమ్మాయి మనసులో పడితే చాలు, ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో పెరిగే క్యాన్సర్ కాని గడ్డ) ముందుకు పెరిగితే మాటిమాటికీ మూత్రం ఎందుకొస్తుందో, వెనక్కి పెరిగి మలాశయాన్ని నొక్కితే మలబద్ధకం ఎందుకొస్తుందో ఆమే ఊహించుకోగలదు.

పుస్తకాల్లో ఎప్పుడూ ఎదురుగా గీసిన బొమ్మే ఉంటుంది, నువ్వూ దాన్నే చూసి రాశావు. అందులో గర్భసంచి నిటారుగా నిలబడి ఉంటుంది. పక్క నుంచి గీసిన బొమ్మ చూడు. ఎక్కువ మందిలో అది ముందుకు వంగి మూత్రాశయం మీద వాలి ఉంటుంది. సుమారు ఐదుగురిలో ఒకరికి వెనక్కి వాలి ఉంటుంది. స్కానింగ్ రిపోర్టులో 'రెట్రోవర్టెడ్ యుటిరస్' అని చూసి, ఇక పిల్లలు పుట్టరేమోనని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. వేరే సమస్య లేకుండా ఊరికే వెనక్కి వాలి ఉన్నంత మాత్రాన గర్భం రావడానికి అడ్డేమీ కాదు. ఆ మాట నీ వ్యాసంలో తప్పకుండా ఉండాలి.

అండాన్ని గర్భసంచికి చేర్చే ఫెలోపియన్ ట్యూబుల దగ్గర మాత్రం నిదానించు. "అండాశయానికి అతుక్కుని ఉండే గొట్టాలు" అని రాశావు, అది తప్పు. బాదంగింజంత అండాశయానికీ ట్యూబు నోటికీ మధ్య ఖాళీ ఉంటుంది. అండం విడుదలయ్యే వేళకి ట్యూబు చివరనున్న సన్నని వేళ్లలాంటి అంచులు అండాశయం మీదికి వాలి, మిల్లీమీటరులో పదో వంతుండే ఆ అండాన్ని లోపలికి లాక్కుంటాయి. పది పన్నెండు సెంటీమీటర్ల ఆ ట్యూబులో కాస్త వెడల్పైన చోట, సాధారణంగా అక్కడే, వీర్యకణం అండాన్ని కలుస్తుంది. ఆ తర్వాత పిండం గర్భసంచికి చేరకుండా ట్యూబులోనే నాటుకుపోతే ప్రాణం మీదికొస్తుంది. నెల తప్పాక పొత్తికడుపులో ఒకపక్క విపరీతమైన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలని ఇక్కడే రాసెయ్, చివరికి దాచకు.

చరిత్ర కావాలంటే ఒక్క ముక్క చాలు. ఈ ట్యూబులను ఇటలీ శరీర శాస్త్రవేత్త ఫెలోపియో 1561లో వర్ణించాడు, కానీ క్షీరదాల అండాన్ని శాస్త్రవేత్త వాన్ బేర్ కనిపెట్టింది 1827లో. దారి తెలిసినా ఆ దారిన వెళ్లేదేమిటో తెలియడానికి 266 ఏళ్లు పట్టింది.

ఎముకలను ఒక్క వాక్యంలో దాటేశావు. రెండు తుంటి ఎముకలు, వెనక త్రికాస్థి (వెన్నెముక అడుగున ఉండే ముక్కోణపు ఎముక), దాని కింద తోక ఎముక, ఇవే కటి వలయం. పైద్వారం పక్క నుంచి పక్కకు వెడల్పు, సుమారు 13 సెంటీమీటర్లు. కింది ద్వారం ముందు నుంచి వెనక్కి పొడవు. అందుకే బిడ్డ తల సాధారణంగా పక్కకు తిరిగి లోపలికి దిగి, మధ్యలో మలుపు తీసుకుని, ఎక్కువగా తల్లి వెన్ను వైపు ముఖం పెట్టి బయటికొస్తుంది. కాన్పు ఎందుకంత సేపు పడుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి వివరం దొరకదు. అడుగున ఉండే కండరాలు ఈ అవయవాలన్నిటికీ ఆధారం, అవి సడలితే గర్భసంచి కిందికి జారే అవకాశం పెరుగుతుంది, అది మాత్రం క్లుప్తంగా చెప్పు.

గర్భసంచి తీసేసే ఆపరేషన్ గురించి రాస్తానన్నావు కదా, అయితే ఇది తెలుసుకో. మూత్రపిండం నుంచి వచ్చే మూత్రవాహిక, గర్భాశయ ముఖద్వారానికి సుమారు రెండు సెంటీమీటర్ల దూరంలోనే, గర్భసంచికి రక్తం తెచ్చే ధమని కిందుగా వెళ్తుంది. ఆ ధమనిని కట్టేటప్పుడు సర్జన్ అంత జాగ్రత్త పడేది ఇందుకే.

ఇక బయటి భాగాలకొచ్చేసరికి నీ కలం బిగుసుకుపోయింది. "ఆ భాగం" అని రాస్తే ఎవరికి అర్థమవుతుంది? మూత్రద్వారం వేరు, యోని ద్వారం వేరు, మలద్వారం వేరు, పెళ్లయి పిల్లలున్న వాళ్లలోనూ ఈ సంగతి తెలియనివాళ్లున్నారు. ఆడవాళ్లలో మూత్రనాళం నాలుగు సెంటీమీటర్లే, ఇన్ఫెక్షన్ మూత్రాశయానికి తేలిగ్గా పాకేది ఆ పొట్టితనం వల్లే. క్లిటోరిస్‌లో (మూత్రద్వారానికి పైన ఉండే, స్పర్శ బాగా తెలిసే భాగం) బయటికి కనపడేది కొన మాత్రమే, మిగతాదంతా లోపల ఎముక వెంబడి ఉంటుంది. ఆస్ట్రేలియా యూరాలజిస్టు హెలెన్ ఓకానెల్ దాని పూర్తి నిర్మాణాన్ని వివరంగా ప్రచురించింది 1998లో, అంత ఆలస్యంగా! కన్నెపొర అనేది ద్వారాన్ని మూసే మూత కాదు, అంచున ఉండే పల్చని మడత. దాన్ని చూసి ఎవరి శీలం గురించీ ఏమీ తేల్చలేరు. అలాంటి పరీక్షలు ఆపేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి 2018లో చెప్పాయి. ఇది మెత్తగా రాయకు, సూటిగా రాయి.

మళ్లీ రాశాక ముందు ఒక గైనకాలజిస్టుకు చూపించు. ట్యూబుల పేరా, మూత్రవాహిక వాక్యం ప్రత్యేకంగా చదవమని అడుగు. పక్క నుంచి గీసిన బొమ్మ ఒకటి వేయించి, తెలుగులో పేర్లు పెట్టించి నాకు పంపు.