యువ రచయితకు లేఖ: ఆ పెద్దమ్మ నిన్ను అడిగింది కదా

తమ్ముడూ,

జహీరాబాద్ దగ్గర ఊళ్లో ఓ పెద్దమ్మతో రేడియో కోసం చేసిన ముచ్చట స్క్రిప్ట్ చదివా. మొదలు బాగుంది. కానీ మూడో పేజీకొచ్చేసరికే నాకు ఒళ్లు మండింది. విత్తనాల గురించి ఆ పెద్దమ్మ ఎంత చక్కగా చెప్పింది, "యాపాకు, బూడిద కలిపి బుట్టల వోసి పైన పేడతోటి అలుకుతం, పురుగు వడది" అని! రెండు ప్రశ్నలు కాకముందే అదే మనిషి "సంప్రదాయ విత్తనాల పరిరక్షణ ద్వారా స్వావలంబన సాధించగలిగాము" అంటోంది. ఆవిడ అనలేదు ఆ మాట, నువ్వు రాశావు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది. మధ్యలో ఆవిడ నిన్నే అడిగింది, "నువ్వేం తింటవ్ బిడ్డా పట్నంల?" అని. నువ్వేమో "సరేనమ్మా, ఇప్పుడు మరో అంశానికి వద్దాం" అని దాటేశావు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి అక్కడ. ముచ్చటంటే అసలు మొదలయ్యేది అప్పుడే కదరా, అవతలి మనిషి తిరిగి అడిగినప్పుడు! అంతవరకూ జరిగింది ఎంక్వయిరీ.

మీ పక్కనే మాచనూరులో సంఘం రేడియో ఉంది, ఊరి జనమే నడుపుకునే కమ్యూనిటీ రేడియో అది, 2008 అక్టోబర్ 15న మొదలైంది, దళిత ఆడవాళ్లు నడిపిస్తున్నారు, వాళ్లలో జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ పేర్లు వినే ఉంటావు. రేడియో తరంగాలు జనం ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకునే వీలు 2006లో గానీ రాలేదు. లైసెన్స్ రాకముందు ఈ ఆడవాళ్లు ఏళ్ల తరబడి టేపుల్లో రికార్డు చేసుకుని సంఘం మీటింగుల్లో వినిపించుకున్నారు. అంత కష్టపడి తెచ్చుకున్న గొంతులో మనం మన వాక్యాలు దూరుస్తామా?

ఇంకో సంగతి. కమ్యూనిటీ రేడియోకి సొంతంగా న్యూస్ బులెటిన్ చదివే పర్మిషన్ లేదు. వాన, కరెంటు కోత లాంటివి చెప్పుకోవచ్చు. అందుకే అప్పు ఎందుకైంది, బోరు ఎందుకు ఎండింది, పిల్ల చదువు ఎందుకాగింది, ఇవన్నీ ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటుంటేనే బయటికొస్తాయి. జవాబు కూడా నువ్వే రాసిస్తే ఇక ఊరి సంగతి ఎవరికి తెలుస్తుంది?

నేను రేడియోలో క్యాజువల్‌గా, అంటే డ్యూటీకింత అని, చేసే రోజుల్లో ఒక స్టేషన్‌లో ఒక నేతన్నని పిలిచారు. ఆయన చెప్పాల్సిన జవాబులు ముందే టైప్ చేసి చేతికిచ్చారు. మగ్గం మీద వేళ్లు చకచకా ఆడించే మనిషి ఆ కాగితం పట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చెమటలు కక్కాడు. కాగితం తీసేయండి సార్, ఆయన్నే మాట్లాడనివ్వండి అన్నా. భాష శుద్ధంగా ఉండాలమ్మా అన్నారు ఆ ఆఫీసరు గారు, తర్వాత చాన్నాళ్లు నాకు డ్యూటీలు పడలేదు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు నాకు. పత్రికల్లోనూ అంతే, నా కథల్లో మా ఊరి మాటల్ని ఇస్త్రీ చేసి అచ్చేసిన ఎడిటర్లున్నారు. ఇప్పటి ఫ్యాషన్ ఇంకో రకం, ఫోన్ చేసినవాడు ఊపిరి తీసుకునేలోపే జింగిల్ వేసేస్తారు, లేదంటే క్లిప్ వైరల్ కావాలని ఏడిచేదాకా గుచ్చి గుచ్చి అడుగుతారు. ఆ దారిన పోకు నువ్వు.

ప్రశ్నలు రాసుకో, అవి కూడా నాలుగైదు చాలు. ఆవిడ జొన్నలు చెరుగుతుంటే ఆ చాట చప్పుడు ఉండనీ. జవాబు ఆగితే వెంటనే తర్వాతి ప్రశ్న వేయకు, కాసేపు ఊరుకో, చాలాసార్లు అసలు మాట ఆ తర్వాతే వస్తుంది. నిన్నేమైనా అడిగితే నిజం చెప్పు, హాస్టల్లో పొద్దున్నే నూడుల్స్ తింటానని చెప్పు, ఆవిడ ఏమంటుందో జనం వింటారు.

ఇంతకీ ఒరిజినల్ రికార్డింగ్ ఉందా, డిలీట్ చేశావా? ఉంటే కట్ చేయకుండా మొత్తం పంపు, స్క్రిప్ట్ వద్దు. లేకపోతే ఈ ఆదివారం మళ్లీ వెళ్లు, ఈసారి ఆవిడతో కలిసి అన్నం తిన్నాకే మైక్ ఆన్ చెయ్.

మీ అక్క