స్విస్ పల్లెకు ఏ నెలలో వెళ్ళాలి? గడ్డి కోసే రోజుల్లో

"స్విట్జర్లాండ్‌లో పాతకాలపు పల్లెటూరు చూడాలంటే ఏ సీజన్ మంచిది?" అని అడిగారు. నేను ఎనిమిదేళ్ళుగా జ్యూరిక్‌లో ఉంటున్నాను. గ్వార్దా అనే ఒక్క ఊరికే తొమ్మిదిసార్లు వెళ్ళాను. నన్నడిగితే జూన్ చివర్లోనో జూలైలోనో, గడ్డి కోసే రోజుల్లో వెళ్ళండి. అందరూ మంచు కోసం జనవరిలో ఎగబడతారు. మంచు కప్పేస్తే ఏ ఊరైనా ఒకేలా ఉంటుంది.

గ్వార్దా ఎంగడీన్ లోయలో 1,653 మీటర్ల ఎత్తున ఉంది. ఎర్ర రైలు దిగి పసుపు పోస్టు బస్సులో కొండెక్కాలి. 1622లో ఆస్ట్రియా సైన్యం ఊరిని తగలబెట్టాక మళ్ళీ కట్టుకున్న ఇళ్ళు. మందపాటి గోడలు, సున్నం తడిగా ఉండగానే గీకి తీసిన పువ్వులు, తీగలు. వాటిని అలాగే నిలుపుకున్నందుకు 1975లో వాకర్ బహుమతి వచ్చింది. పాత కట్టడాలను కాపాడుకునే ఊళ్ళకు స్విట్జర్లాండ్‌లో ఇచ్చే బహుమతి అది.

రెండేళ్ళ కిందట తెనాలి దగ్గర మా ఊరి నుంచి నాన్న వచ్చారు. జీవితమంతా వరి పండించిన మనిషి. గ్వార్దాలో పూలతో నిండిన పచ్చిక కనబడగానే ఫోటో కోసం నేను అందులోకి దిగాను. పైనుంచి ఒక పెద్దావిడ కేకలేస్తూ వచ్చింది. అక్కడ మాట్లాడేది రొమాన్ష్, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నాన్నకి అర్థమైంది.

"బయటికి రారా! అది పశువుల మేత. తొక్కేస్తే కొడవలికి అందుతుందా? మన చేలో ఎవడైనా దిగితే ఊరుకుంటామా?"

సాయంత్రానికి మబ్బు పట్టింది. ఆవిడా, ఆవిడ కొడుకూ ఏటవాలులో ఎండుగడ్డి పోగు చేస్తున్నారు. నాన్న నాకు చెప్పకుండానే వెళ్ళి, పిడికెడు గడ్డి తీసి వాసన చూసి, చెక్క పళ్ళ కర్ర కోసం చెయ్యి చాపారు. ఆవిడ ఒక్క క్షణం చూసి ఇచ్చేసింది. గంటన్నర పనిచేశారు. కళ్ళంలో గడ్డి తిరగేసిన చేతులు, ఆయనకు ఎవరూ ఏమీ నేర్పలేదు. చినుకులు మొదలయ్యేసరికి గడ్డంతా కొట్టంలో ఉంది. తర్వాత చెక్క పలకలు పరిచిన గదిలో కూర్చోబెట్టి రొట్టె, చీజ్ పెట్టింది. ఆవులెన్ని అని నాన్న వేళ్ళతో అడిగారు, ఆవిడ వేళ్ళతోనే చెప్పింది.

ఏడు రోజుల్లో మూడు దేశాలు తిప్పే ప్యాకేజీలంటే నాకు ఒళ్ళు మంట. మంచుకొండ ఎక్కించి, ఇండియన్ బఫేలో పప్పన్నం పెట్టి దింపేస్తారు. ఇంకొందరు రీల్స్ కోసం జనం కాపురముండే ఇళ్ళ గుమ్మాల్లో నిలబడిపోతారు. మన అరుగు మీద ఎవరైనా అలా చేస్తే ఒప్పుకుంటామా?

రెండోసారి వెళ్ళగలిగితే మార్చి 1న వెళ్ళండి. ఆ రోజు చలందమార్స్. పిల్లలు ఆవుల గంటలు మోగిస్తూ ఊళ్ళో నీటి తొట్ల చుట్టూ తిరిగి చలికాలాన్ని తరిమేస్తారు. అక్టోబర్‌లో లార్చ్ చెట్లు బంగారు రంగుకు తిరుగుతాయి, అదీ బాగుంటుంది. నవంబర్‌లో మాత్రం చాలా హోటళ్ళు మూసేస్తారు. గది ఖాయమయ్యాకే బయల్దేరండి, పులిహోర కట్టుకెళ్ళండి.