బ్యాకప్ జోలికి మాత్రం వెళ్ళకండి

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల మేత, మందుల షాపు మాది. 2025 ఆగస్టులో మన ఎగుమతుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పటి నుంచి రైతుల బాకీలు కదలడం లేదు. బిల్లింగు సాఫ్ట్‌వేరు, షాపుకీ గోడౌనుకీ నెట్టు, రైతుల కోసం చేయించిన యాప్, బ్యాకప్ కలిపి నెలకు 14 వేలు పోతున్నాయి. పైగా విండోస్ 10కి కాలం చెల్లింది, నాలుగు కంప్యూటర్లూ మార్చాలంటున్నారు. ఏవి ఆపమంటారు?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ముందు ఏదీ ఆపకండి. ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు ప్రింటు తీసి, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చోండి. పాలకొల్లులో నేను లెక్కలు చూసే ఎరువుల కొట్టులో అలా కూర్చుంటే, మానేసి రెండేళ్ళయిన గుమస్తా పేరు మీద యూజర్ లైసెన్సు ఇంకా నడుస్తోంది. డబ్బు పడిందని చెప్పే మూడు సౌండ్ బాక్సుల్లో ఒకటి బీరువా మీద దుమ్ము పట్టి ఉంది, అద్దె మాత్రం నెలనెలా కట్ అవుతోంది.

మీ యాప్‌లో పోయిన నెల ఎన్ని ఆర్డర్లొచ్చాయో చూడండి. చెరువు గట్టు మీదున్న రైతు "పది బస్తాలు పంపండి" అని ఫోన్ చేస్తాడు గానీ యాప్ తెరుస్తాడా? నాకు నమ్మకం లేదు. గోడౌన్ నెట్టు తీసేసి ఫోన్ హాట్‌స్పాట్‌తో సరిపెట్టుకోండి.

నాలుగు కంప్యూటర్లూ మార్చనక్కర్లేదండి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిన మాట నిజమే. ఇంటెల్ ఎనిమిదో తరం, ఆపై ప్రాసెసరున్నవి చాలావరకు ఉచితంగా విండోస్ 11కి మారతాయి. బ్యాంకు, జీఎస్టీ పనులు చేసే కంప్యూటర్ పాతదైతే అదొక్కటే మార్చండి. గోడౌన్‌లో స్టాకు ఎక్కించేదానికి విండోస్ బదులు ఉబుంటు అనే ఉచిత సిస్టమ్ చాలు, పైసా ఖర్చు లేదు.

బిల్లింగుకు టాలీ సాఫ్ట్‌వేరు వాడుతున్నారనుకుందాం. లైసెన్సు శాశ్వతమే, ఏటా కట్టేది అప్‌డేట్లకీ ఆన్‌లైన్ సౌకర్యాలకీ. కట్టకపోయినా లెక్కలు రాసుకోవచ్చు. టర్నోవరు 5 కోట్లు దాటి ఈ-ఇన్వాయిస్‌లు (జీఎస్టీ పోర్టల్లో నమోదు చేసే బిల్లులు) అందులోంచే పంపుతుంటే మాత్రం ఆపకండి. ఇంకోటి, సాఫ్ట్‌వేరు మీద కట్టిన 18 శాతం జీఎస్టీ మీకు పూర్తిగా వెనక్కి రాదు. రొయ్యల మేతకు పన్ను లేదు కాబట్టి పన్ను ఉన్న సరుకు వంతు మేరకే క్రెడిట్ వస్తుంది. ఆ వంతు ఆడిటరుగారితో వేయించుకోండి.

బ్యాకప్‌ను మాత్రం ముట్టుకోవద్దు. కరోనా ఏడాది నేను పొదుపంటూ మొదట తీసేసింది అదే. ఓ సాయంత్రం కరెంటు పోయి వచ్చింది, యూపీఎస్ కుయ్యోమంది, హార్డ్‌డిస్కు టిక్కుటిక్కుమని ఆగిపోయింది. మా ఆవిడా నేనూ బిల్లు పుస్తకాలు ముందేసుకుని పదకొండు రోజులు తిరిగి ఎక్కించాం. నా దగ్గర బిల్లులన్నా ఉన్నాయి. మీ బాకీల ఖాతా పోయాక రైతు "మొన్న ఇచ్చేశాను గదండీ" అంటే ఏం చూపిస్తారు? వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలపాటు లెక్కలు దాచాలని జీఎస్టీ చట్టమూ చెబుతోంది.

ఇప్పుడు రోజూ షాపు కట్టేసే ముందు ఒక డిస్కులో కాపీ ఎక్కించి సంచిలో ఇంటికి తెచ్చుకుంటున్నాను. మర్నాడు దాన్ని మర్చిపోతే మా ఆవిడే గుమ్మం దగ్గర ఆపుతుంది.