మాటలు ఆలస్యమైన బాబు, చదువుకని దాచిన డిపాజిట్

ప్రశ్న: మాది రాయగడ. మావారిది కిరాణా కొట్టు, నెలకు పాతిక వేలు వస్తాయి. బాబుకు రెండేళ్ల ఎనిమిది నెలలు. ‘అమ్మ’, ‘తాత’ తప్ప మాటలు రావడం లేదు. వారానికి రెండుసార్లు విశాఖలో థెరపీ అంటే రైలు ఖర్చుతో కలిపి నెలకు పన్నెండు వేలు. వాడి చదువుకని రెండు లక్షల డిపాజిట్ ఉంది. మా అత్తగారేమో, ‘వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే మాటలొచ్చాయి, ఆగండి’ అంటున్నారు. డిపాజిట్ తీయమంటారా?

జవాబు: అమ్మా, ఆగవద్దు. డిపాజిట్‌ను మాత్రం ఇప్పుడే ముట్టుకోవద్దు. నెలకు పన్నెండు వేల చొప్పున తీస్తే పదహారు నెలల్లో అది కరిగిపోతుంది. బాబుకు సరిగ్గా నాలుగేళ్లు నిండేసరికి చేతిలో ఏమీ ఉండదు.

ముందు మీ జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ గురించి అడగండి. ఎదుగుదల ఆలస్యమైన పిల్లల కోసం, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పనిచేసే కేంద్రం అది. సేవలు ఉచితం. అంగన్‌వాడీకి వచ్చే వైద్య బృందం కూడా అక్కడికి రాసిస్తుంది. మాటలు రాని బిడ్డకు మొట్టమొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష. అది చేయించకుండా థెరపీకి రూపాయి కూడా కట్టకండి.

విశాఖకు నెలకోసారి వెళ్లినా చాలా నేర్చుకోవచ్చు, థెరపిస్టు మీకు నేర్పితే. జంతికల డబ్బా మూత బిగించి బాబు చేతికివ్వండి. వాడు మీ ముఖం చూసేదాకా, ఏదో ఒక శబ్దం చేసేదాకా ఓపిక పట్టి, అప్పుడు ‘తియ్యి’ అంటూ తీయండి. వారానికి రెండు గంటల థెరపీ కన్నా, రోజంతా ఇంట్లో జరిగే ఇలాంటి పనులకే నేను ఎక్కువ విలువ కడతాను. ఈ ఏడాది కొట్టు లెక్కలు మీవారికే వదిలేసి ఆ సమయం బాబుకివ్వండి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా ఉండటం వల్ల మాటలు ఆలస్యం కావు. ఎవరు చెప్పినా తెలుగు మానకండి.

పిల్లల పేరిట బీమా పాలసీలు అమ్మేవారికి ఇప్పుడు దొరకవద్దు. ఒకవేళ డాక్టర్లు ఆటిజం అని తేల్చి, వైకల్య ధ్రువపత్రం వస్తే, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది. లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీకి కూడా పరిమితి మేరకు ఇస్తారు.

ఆసుపత్రికి టీకాల కార్డుతో పాటు, బాబు పలికే మాటలన్నీ కాగితంపై రాసి తీసుకెళ్లండి, తెలుగువి, ఒడియావి విడివిడిగా.