స్టెయిన్‌లెస్ 304 మిల్లింగ్‌లో కట్టర్ ఎందుకు త్వరగా పోతోంది?

విజయవాడ ఆటోనగర్‌లో షాపు నడిపే మిత్రుడి ప్రశ్న ఇది: మైల్డ్ స్టీల్‌కి చాలాసేపు వచ్చే ఎండ్‌మిల్ (తిరుగుతూ లోహాన్ని కోసే పళ్ల కట్టర్) 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌కి వెంటనే మొద్దుబారుతోంది, ఫీడ్ (జాబ్, అంటే కోసే ముక్క, కట్టర్ వైపు జరిగే వేగం) తగ్గించినా అంతే, ఎందుకని?

ఫీడ్ తగ్గించడమే తప్పండి. కట్టర్ పన్ను కోయకుండా రుద్దితే 304 పైపొర గట్టిపడుతుంది. తర్వాతి పన్ను ఆ గట్టి పొర మీదే పడుతుంది. తగ్గించాల్సింది కట్టర్ తిరిగే స్పీడు.

క్లైంబ్ మిల్లింగ్ చేయండి, అంటే కోసే చోట పన్ను కదిలే దిశలోనే జాబ్ కూడా జరగాలి. పన్ను మందంగా దిగి పల్చగా బయటికొస్తుంది, రుద్దుడు తక్కువ. కానీ పాత మెషీన్‌లో టేబుల్‌ని జరిపే స్క్రూలో ప్లే (వదులు) ఉంటే కట్టర్ జాబ్‌ని లోపలికి లాగేసుకుంటుంది, ప్రమాదం. అక్కడ జాబ్ పన్నుకి ఎదురుగా జరిగే మామూలు మిల్లింగే మేలు.

వెడల్పులో కట్టర్ వ్యాసంలో పదో వంతే పట్టించి, లోతు పెంచండి. అరుగుదల ఒక్క కొనమీదే పడదు.