నాలుగో నంబరు సీటు: టెక్సాస్ కాంగ్రెస్ ప్రతినిధుల చరిత్రకు దగ్గరి దారి

ప్రశ్న: “ఈ మధ్యే డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కున్నాం. మన కాంగ్రెస్ ప్రతినిధి ఎవరని అడిగితే పక్కింటాయన ఒక పేరు చెప్తాడు, ఆఫీసులో కొలీగ్ ఇంకో పేరు చెప్తాడు. టెక్సాస్ నుంచి ఇన్నేళ్లలో ఎవరెవరు వెళ్లారు? ఈ నియోజకవర్గాలు ఎందుకిలా మారుతుంటాయి? గ్రీన్‌కార్డు కూడా చేతికి రాని మనలాంటివాళ్లకు దీనితో పనేముంది?”

జవాబు:

పేర్ల జాబితా ఎక్కడైనా దొరుకుతుందండీ. కానీ అది చదివితే ఒక్కటీ బుర్రలో నిలవదు. 1845 డిసెంబరులో టెక్సాస్ అమెరికాలో రాష్ట్రంగా చేరినప్పుడు ప్రతినిధుల సభలో (అమెరికా కాంగ్రెస్‌ దిగువ సభ, మన లోక్‌సభ లాంటిది) దానికి రెండే సీట్లు. ఆ సీట్లలో మొదట వెళ్లింది డేవిడ్ కాఫ్‌మన్, తిమోతీ పిల్స్‌బరీ. 2020 జనాభా లెక్కల తర్వాత ఆ రెండు కాస్తా 38 అయ్యాయి. ఇంతకంటే ఎక్కువున్నది కాలిఫోర్నియాకే. మధ్యలో వచ్చిపోయినవాళ్లందరినీ ఏకరువు పెట్టడం నావల్ల కాదు, మీకూ అక్కర్లేదు. ఫ్రిస్కో అన్నారు కాబట్టి నాలుగో నియోజకవర్గం ఒక్కటి పట్టుకోండి. టెక్సాస్ రాజకీయం ఎప్పుడు ఎటు తిరిగిందో ఆ ఒక్క సీటులోనే చాలావరకు కనబడుతుంది.

1913 మార్చి నుంచి 2015 జనవరి దాకా, అంటే దాదాపు నూటరెండేళ్లు, ఆ సీటులో కూర్చున్నది ముగ్గురంటే ముగ్గురే: శామ్ రేబర్న్, రే రాబర్ట్స్, రాల్ఫ్ హాల్. మొదటాయన పేరు మీరు రోజూ చూస్తూనే ఉండాలి. ఇర్వింగ్ వైపు నుంచి ఫ్రిస్కో హనుమాన్ గుడికి రావాలన్నా, ఎయిర్‌పోర్టుకి వెళ్లి అత్తమామల్ని తీసుకురావాలన్నా మనం ఎక్కే 121 టోల్ రోడ్డు ఉంది చూడండి, దాని అసలు పేరు శామ్ రేబర్న్ టోల్‌వే. నెలాఖరుకి టోల్‌ట్యాగ్ బిల్లు చూసి మనం తిట్టుకునేది పాపం ఆయన పేరు మీదే. రెండో ఆయన పేరు డెంటన్ దాటాక వచ్చే రే రాబర్ట్స్ లేక్‌కి పెట్టారు. వేసవిలో మనవాళ్లు చికెన్‌కి ముందురోజే మసాలా పట్టించుకుని పొద్దున్నే బయల్దేరేది అక్కడికే. మూడో ఆయన పేరు ఫానిన్ కౌంటీలో ఇంకో జలాశయానికి పెట్టారు.

రేబర్న్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆయన టెనెసీలో పుట్టి, చిన్నప్పుడే తల్లిదండ్రులతో ఫానిన్ కౌంటీకి వచ్చిన పత్తి రైతు కొడుకు. ఇరవై తొమ్మిదేళ్లకే టెక్సాస్ శాసనసభకు స్పీకర్. 1912లో కాంగ్రెస్‌కి గెలిచి, 1961 నవంబరులో చనిపోయేదాకా ఒక్కసారీ ఓడిపోలేదు. అందులో పదిహేడేళ్లకు పైగా ప్రతినిధుల సభ స్పీకర్. అన్నేళ్లు ఆ కుర్చీలో ఉన్నవాళ్లు అమెరికా చరిత్రలో ఇంకొకరు లేరు. టెక్సాస్ నుంచి ఆయనకు ముందు జాన్ నాన్స్ గార్నర్, ఆయన తర్వాత ఫోర్ట్‌వర్త్ జిమ్ రైట్ స్పీకర్లయ్యారు గానీ వాళ్లలో ఎవరూ మూడేళ్లు కూడా నిలవలేదు.

ఆయన పని ఇప్పటికీ మన జేబుల దాకా తగులుతూనే ఉంది. 1930లలో వాణిజ్య కమిటీ ఛైర్మన్‌గా స్టాక్ మార్కెట్‌ని అదుపులో పెట్టే చట్టాలను సభలో నడిపించింది ఆయనే. 1934లో పుట్టిన ఎస్‌ఈసీ, అంటే స్టాక్ మార్కెట్ మీద నిఘా పెట్టే ఫెడరల్ సంస్థ, వాటి ఫలితమే. మన 401కె (రిటైర్మెంట్ పొదుపు) డబ్బు పెట్టే కంపెనీలు లెక్కలు బయటపెట్టక తప్పనిది అందుకే. 1936లో నెబ్రాస్కా సెనేటర్ జార్జ్ నోరిస్‌తో కలిసి గ్రామీణ విద్యుదీకరణ చట్టం తెచ్చారు. అప్పటికి టెక్సాస్ పల్లెల్లో చాలా ఇళ్లల్లో కిరసనాయిలు దీపాలే. 1941 ఆగస్టులో, పెర్ల్ హార్బర్ దాడికి నాలుగు నెలల ముందు, సైన్యంలో చేరినవాళ్ల సర్వీసు పొడిగించే బిల్లు 203-202 ఓట్లతో, ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. స్పీకర్ కుర్చీలోంచి ఆ ఫలితాన్ని ఖాయం చేసింది రేబర్నే. 1945 ఏప్రిల్ 12న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చనిపోయిన సాయంత్రం, వెంటనే వైట్‌హౌస్‌కి రమ్మని ఉపాధ్యక్షుడు ట్రూమన్‌కి కబురు అందింది కూడా క్యాపిటల్‌లోని రేబర్న్ గదిలోనే.

వీలుంటే ఒక శనివారం అదే 121 పట్టుకుని మెకిన్నీ దాటి ఈశాన్యంగా బోనమ్ దాకా వెళ్లండి. మేం పిల్లలతో వెళ్లాం. ఊరి పడమటి వైపు రెండంతస్తుల తెల్ల ఇల్లు, 1916లో తల్లిదండ్రుల కోసం కట్టించింది. దేశంలో అంత పెద్ద పదవి చేసినవాడి ఇల్లంటే నేను కోట లాంటిది ఊహించుకున్నా. చూస్తే గోదావరి జిల్లాలో ఓ మోస్తరు మోతుబరి ఇల్లంత ఉందంతే. గ్యారేజీలో 1947 నాటి క్యాడిలాక్ కారు ఉంది. 1946 ఎన్నికల్లో డెమోక్రాట్లు మెజారిటీ పోగొట్టుకుంటే స్పీకర్ పదవితో పాటు రేబర్న్ ప్రభుత్వ కారు కూడా పోయింది. తోటి సభ్యులు తలా కొంచెం వేసుకుని ఈ కారు కొనిచ్చారు. పెద్ద బహుమతులు ఆయన పుచ్చుకోరని అందరికీ తెలుసు, అందుకే ఒక్కొక్కరి వాటా చిన్నదిగా పెట్టుకున్నారట. మా అబ్బాయికి ఆ ఇల్లు మొత్తంలో నచ్చింది ఆ కారొక్కటే.

ఇంత చెప్పానని అదొక స్వర్ణయుగం అనుకోకండి. 1960 లెక్కల ప్రకారం రేబర్న్ నియోజకవర్గం జనాభా 2,16,371. పక్కనే డాలస్ ఉన్న అయిదో నియోజకవర్గంలో 9,51,527 మంది. సభలో ఇద్దరికీ చెరో ఓటు! పల్లెటూళ్ల చేతిలో ఉన్న శాసనసభ గీతలు మార్చకుండా కూర్చుంటే అంతే మరి. 1964లో సుప్రీంకోర్టు వెస్‌బరీ వర్సెస్ శాండర్స్ కేసులో నియోజకవర్గాల జనాభా వీలైనంత సమానంగా ఉండాలని తేల్చాకే ఇది ఆగింది. ఇప్పుడు టెక్సాస్‌లో ఒక్కో సీటుకి సుమారు 7.67 లక్షల మంది.

అసలు ఓటు వేయనిచ్చింది ఎవర్ని అన్నది ఇంకో కథ. ఆ రోజుల్లో టెక్సాస్ అంతా డెమోక్రాట్లే కాబట్టి అసలు పోటీ నవంబరు ఎన్నికల్లో కాదు, పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో. ఆ ప్రైమరీలోకి నల్లజాతివాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. హ్యూస్టన్‌కి చెందిన లోనీ స్మిత్ అనే దంతవైద్యుడు వేసిన కేసులో 1944లో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని కొట్టేసింది. దాని మీద పోల్ ట్యాక్స్ ఒకటి: ఓటు వేయాలంటే ముందుగా డాలరున్నర, డాలరు ముప్పావు కట్టాలి. పత్తి ఏరే కూలీకి అది చిన్న మొత్తమేం కాదు. రేబర్న్ కూడా 1948లో ట్రూమన్ పౌరహక్కుల ప్రతిపాదనల్ని వ్యతిరేకించినవాళ్లలో ఒకరు. 1956లో దక్షిణాది సభ్యులు నల్లజాతివాళ్లను బడుల్లో, బయటా వేరుగా ఉంచే విధానాన్ని సమర్థిస్తూ ప్రకటన చేసినప్పుడు మాత్రం సంతకం పెట్టలేదు. మనిషిని ఏ ఒక్క గాటనా కట్టలేం.

అందుకే రేబర్న్ పక్కన బార్బరా జోర్డన్‌ని కూడా తప్పకుండా చదవండి. టెక్సాస్ నుంచి కాంగ్రెస్‌కి వెళ్లిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమె. 1972లో గెలిచారు, అంటే రాష్ట్రంగా చేరిన 127 ఏళ్లకు. 1974 జులైలో అధ్యక్షుడు నిక్సన్ అభిశంసన విచారణలో జుడీషియరీ కమిటీలో ఆమె చేసిన ప్రసంగం వీడియో దొరుకుతుంది. ‘మేము, ప్రజలం’ అని రాజ్యాంగం రాసుకున్నప్పుడు ఆ ‘మేము’లో నేను లేను అంటూ మొదలుపెట్టి, అయినా ఆ రాజ్యాంగం మీద తన నమ్మకం చెక్కుచెదరలేదని చెప్తారు. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి చదువుకునేవాళ్లు ముందు అది వినాలని నేననుకుంటాను. ఆమె గెలిచిన హ్యూస్టన్ పద్దెనిమిదో సీటులో తర్వాత మికీ లీలండ్ గెలిచారు. ఆకలి బాధితుల కోసం తిరుగుతూ 1989లో ఇథియోపియాలో విమాన ప్రమాదంలో పోయారు. అదే సీటులో షీలా జాక్సన్ లీ 1995 నుంచి 2024లో చనిపోయేదాకా ఉన్నారు.

మళ్లీ మన నాలుగో నంబరుకి వద్దాం. రాల్ఫ్ హాల్ 1980లో డెమోక్రాట్‌గా గెలిచారు. 2004 జనవరిలో, నామినేషన్ల గడువు ముగిసే సమయానికి, రిపబ్లికన్‌గా దరఖాస్తు పెట్టారు. అంతే, సీటు పార్టీ మారింది. రాజీనామా లేదు, ఉపఎన్నిక లేదు, అనర్హత పిటిషన్ అసలే లేదు. మన దగ్గర కండువా మార్చిన ప్రతిసారీ స్పీకర్ చుట్టూ, హైకోర్టు చుట్టూ జరిగే తతంగం ఇక్కడ లేదు, ఎందుకంటే ఫిరాయింపుల చట్టమే లేదు. ఆ మాటకొస్తే టెక్సాస్‌లోనే ఫిల్ గ్రామ్ అనే ఆయన 1983లో డెమోక్రాట్‌గా ఉన్న సీటుకి రాజీనామా చేసి, రిపబ్లికన్‌గా నిలబడి అదే సీటు మళ్లీ గెలిచారు. చట్టం అడక్కపోయినా చేశారు, నాకది మర్యాదగా తోచింది. హాల్ మాత్రం పార్టీ మారాక కూడా దర్జాగా గెలుస్తూ వచ్చి, 91వ ఏట 2014 ప్రైమరీ రనాఫ్‌లో (రెండో విడత పోటీలో) జాన్ రాట్‌క్లిఫ్ చేతిలో ఓడిపోయారు. రాట్‌క్లిఫ్ 2020లో జాతీయ ఇంటెలిజెన్స్ డైరెక్టర్‌గా వెళ్లిపోతే, ఆయన బదులు పార్టీ అభ్యర్థిని స్థానిక పార్టీ నాయకులే సమావేశమై ఎంచుకున్నారు. మన బీ-ఫారం కథలు గుర్తొచ్చాయి నాకు. అలా వచ్చిన ఆయన పాట్ ఫాలన్.

ఇక గీతలు ఎందుకు మారతాయంటారా? మన దేశంలో నియోజకవర్గాల పునర్విభజనకు వేరే కమిషన్ ఉంటుంది. టెక్సాస్‌లో గీతలు గీసేది శాసనసభే, అంటే అక్కడ మెజారిటీ ఉన్న పార్టీయే. పదేళ్లకోసారి జనాభా లెక్కల తర్వాత గీయడం మామూలు. 2003లో ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల నాయకుడైన టెక్సాస్ ప్రతినిధి టామ్ డిలే పట్టుబట్టి మధ్యలోనే మళ్లీ గీయించారు. కోరం లేకుండా చేయడానికి డెమోక్రాట్ శాసనసభ్యులు సరిహద్దు దాటి ఓక్లహోమాలోని ఆర్డ్‌మోర్‌లో మకాం పెట్టారు. రిసార్టు రాజకీయాలు మన సొంతం అనుకునేవాళ్లం కదా! బిల్లు చివరికి పాసయింది, 2004 ఎన్నికల్లో 17-15గా డెమోక్రాట్ల వైపు ఉన్న లెక్క 21-11గా రిపబ్లికన్ల వైపు తిరిగింది. 2025 ఆగస్టులో సరిగ్గా అదే మళ్లీ జరిగింది. ఈసారి పారిపోయింది ఎక్కువగా ఇల్లినాయికి. ఇంకో అయిదు సీట్లు రిపబ్లికన్లకు వచ్చేలా కొత్త మ్యాపు గీశారు, గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

మీ పక్కింటాయనకీ కొలీగ్‌కీ పేర్లు కుదరకపోవడానికి కారణం ఇదే. మాదీ ఫ్రిస్కోనే, కాలిన్ కౌంటీ వైపు. ఇల్లు మారలేదు, వీధి మారలేదు. 2022 చివరిదాకా మేం మూడో నియోజకవర్గంలో ఉన్నాం. అక్కడ శామ్ జాన్సన్ అనే మాజీ పైలట్ ఇరవై ఏడేళ్లు ప్రతినిధి. వియత్నాంలో దాదాపు ఏడేళ్లు యుద్ధఖైదీగా ఉండి వచ్చిన మనిషి. 2021లో గీసిన మ్యాపులో ఫ్రిస్కోని, ప్లేనోలో కొంత భాగాన్ని తీసి, ఓక్లహోమా సరిహద్దు పొడవునా సాగే నాలుగులో కలిపారు. ఆసియావాళ్లు ఎక్కువున్న కాలనీల్ని పల్లె ఓట్లలో కలిపేశారని అప్పట్లో విమర్శలు గట్టిగానే వచ్చాయి. నాకూ అది నిజమే అనిపిస్తుంది. మా కాలనీలో ప్రతి మూడో ఇంటి గుమ్మానికి మామిడాకుల తోరణం, నియోజకవర్గం అవతలి చివర పశువుల మేత పొలాలు. ఈ రెంటికీ కలిపి ఒకే గొంతు ఎలా ఉంటుంది?

మనవాళ్లు ఎవరైనా గెలిచారా అని కూడా అడుగుతారేమో. 2024 ఎన్నికల దాకా టెక్సాస్ నుంచి భారతీయ మూలాలున్నవాళ్లు ఎవరూ కాంగ్రెస్‌కి వెళ్లలేదు. హ్యూస్టన్ దగ్గర ఫోర్ట్‌బెండ్ వైపు శ్రీ ప్రెస్టన్ కులకర్ణి 2018లో, 2020లో గట్టి పోటీ ఇచ్చి ఓడిపోయారు.

చివరిగా, ఓటు లేని మనకు దీనితో పనేముందంటే, చాలా ఉంది. ప్రతినిధి ఆఫీసులో ‘కేస్‌వర్క్’ చూసే స్టాఫ్ ఉంటారు. ఫెడరల్ ఆఫీసుల్లో ఇరుక్కున్న ఫైళ్ల గురించి మన తరఫున అడగడం వాళ్ల పని. సాధారణంగా వాళ్లు చూసేది మీరు ఆ నియోజకవర్గంలో ఉంటున్నారా అనే, సిటిజనా కాదా అని కాదు. మా ఆవిడ వర్క్ పర్మిట్ రెన్యువల్ గడువు దాటినా కదల్లేదు. ఫోన్ చేస్తే రికార్డెడ్ గొంతే. ఉద్యోగం పోతుందేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్. ప్రతినిధి వెబ్‌సైట్లో ప్రైవసీ రిలీజ్ ఫారం (మన ఫైలు వివరాలు వాళ్లకు చెప్పొచ్చని ఇచ్చే అనుమతి) ఉంటే నింపి, సంతకం పెట్టి, రసీదు నోటీసు కాపీతో పంపాం. ఫైలు ఒక చోట నుంచి ఇంకో చోటికి బదిలీ అయి అక్కడే పడుందని తెలిసింది. ఆ సంగతి అప్పటిదాకా మాకు చెప్పినవాళ్లు లేరు. వాళ్లు ఆర్డరు వేయలేరు, వరసలో ముందుకు తోయలేరు. కానీ మనకు దొరకని జవాబు వాళ్లకు దొరుకుతుంది.

ఫారం మాత్రం దరఖాస్తుదారే సంతకం పెట్టాలి, భర్త పెడితే చెల్లదు. వాషింగ్టన్ ఆఫీసుకి కాకుండా దగ్గర్లోని లోకల్ ఆఫీసుకి ఫోన్ చేయండి. ఎవరికి చేయాలో తేల్చుకోవడానికి హౌస్ డాట్ గవ్‌లో జిప్ కోడ్ కొడితే సరిపోదు, ఫ్రిస్కోలో ఒకే జిప్ రెండు నియోజకవర్గాల్లో పడొచ్చు, పూర్తి అడ్రసు ఇవ్వండి. కొత్త మ్యాపు మీద గెలిచేవాళ్లు ప్రమాణం చేసేది 2027 జనవరిలో. అప్పటిదాకా మీ కేసు చూడాల్సింది 2024లో గెలిచిన పాత గీతల ప్రతినిధే.