బరువు కెమెరాది కాదండీ, లెన్సుది

నమస్కారమండీ. రిటైరయ్యాక నికాన్ డీ7000 కెమెరాకి 200-500 ఎంఎం జూమ్ లెన్సు తగిలించుకుని చెన్నైలోని పళ్ళికరణై చిత్తడినేలలో పక్షుల వెంట తిరుగుతున్నారు, భుజం పట్టేస్తోంది, పీఎఫ్ డబ్బుతో మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని, తేలికైన) కెమెరా కొనాలా అని కదా మీ ప్రశ్న.

తొందరపడకండి. మీ కెమెరా బ్యాటరీతో కలిపి 780 గ్రాములు, లెన్సు 2.3 కిలోలు. మిర్రర్‌లెస్ రకం నికాన్ జెడ్50 కొంటే అది 450 గ్రాములు, దానికి పాత లెన్సు పెట్టాలంటే మధ్యలో బిగించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ ఇంకో 135. అంటే తగ్గేది రెండొందల గ్రాములు. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు లెన్సుని స్టాండుకి బిగించే పట్టీ (ట్రైపాడ్ కాలర్) విప్పేసినా అంతే తగ్గుతుంది, పైసా ఖర్చు లేకుండా!

నన్నడిగితే సెకండ్ హ్యాండ్‌లో ఏఎఫ్-ఎస్ 70-300 వీఆర్ అనే చిన్న జూమ్ లెన్సు చూడండి. ముప్పావు కిలో లోపే. జూమ్ 300 దగ్గరే ఆగుతుంది కాబట్టి దూరపు కొంగలు చిన్నగా పడతాయి, అది తప్పదు. లెన్సు మీద ఏఎఫ్-పీ అని ఉంటే మాత్రం వద్దు, డీ7000లో ఆటోఫోకస్ పనిచేయదు. కొనేముందు రెండు మూతలూ తీసి, ఒక వైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి లోపలికి చూడండి. సాలెగూడు దారాల్లా కనిపిస్తే ఫంగస్. చెన్నై ఉక్కకి అది మామూలే, ఎంత చవకైనా వదిలేయండి.

ఎగిరే పక్షిని కెమెరాయే గుర్తుపట్టి ఫోకస్ చేయాలంటే అప్పుడు కొత్తది అవసరమే. 2024లో వచ్చిన జెడ్50-2లో ఆ సదుపాయం ఉంది. అయినా ముందు రెండ్రోజులు అద్దెకు తెచ్చుకోండి. నవంబర్ దాటాక వేడంతాంగల్ పక్షుల అభయారణ్యంలో పక్షులు బాగా ఉంటాయి, అక్కడ వాడి చూశాకే డబ్బు తీయండి.